బురుజు మీద వేసిన నింద

బొలోన్యా వాళ్ళకి దేవుడి మీద నమ్మకం ఉన్నా లేకపోయినా బురుజు మీద మాత్రం గట్టి నమ్మకం. ఊరి నడిబొడ్డున రెండు బురుజులున్నాయి. పొట్టిది తాగినవాడిలా ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, దాన్ని ఎవరూ ఎక్కరు. పొడుగుదానికి నాలుగు వందల తొంభై ఎనిమిది చెక్కమెట్లు. ఓపికుండి ఎక్కితే ఎర్ర పెంకుల ఊరు మొత్తం కాళ్ళ కింద కనిపిస్తుంది. ఎవరైనా ఎక్కవచ్చు, విశ్వవిద్యాలయంలో చదువుకునేవాళ్ళు తప్ప. పట్టా చేతికి రాకముందు బురుజెక్కితే ఆ పట్టా ఇక జన్మలో రాదట. ఎవరు చెప్పారంటే పేరు చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. అయినా లెక్కల పుస్తకం పట్టుకున్న కుర్రాళ్ళు కూడా ఆ గుమ్మం ముందునుంచి తల వంచుకునే నడుస్తారు.

నెరీనా జనాసికి అరవై రెండేళ్ళు. అన్నేళ్ళూ ఆ బురుజు కిందే గడిచాయి. తండ్రి పెట్టిన కొట్టు బురుజుకి నాలుగు గుమ్మాల అవతలే ఉంది. గుడ్లు కొట్టి కలిపిన పిండిని గజం పొడుగు కర్రతో, అవతలి వెలుతురు కనపడేంత పల్చగా ఒత్తి, పాస్తా పట్టీలు కోసి అమ్మడం వాళ్ళ వ్యాపారం. పంతొమ్మిదో ఏట చేతికొచ్చిన ఆ కర్రని నెరీనా మళ్ళీ కింద పెట్టింది లేదు. పెళ్ళి చేసుకుంది, భర్త పోయాడు, పిల్లలు లేరు, కర్ర ఉంది. యాభై ఏడో ఏట మాత్రం ఏమనుకుందో ఏమో, పొద్దుటి పిండి పని కాగానే మోచేతుల దాకా కడుక్కుని, వీధి దాటి వెళ్ళి, విశ్వవిద్యాలయంలో చరిత్ర చదవడానికి పేరు రాయించుకుంది. మనవల వయసు పిల్లల మధ్య మొదటి బల్ల మీద కూర్చుంది. ఐదేళ్ళు పట్టింది. పరీక్షలన్నీ గట్టెక్కాయి. మిగిలింది ఒక్కటే: గురువారం మధ్యాహ్నం మూడింటికి పంతుళ్ళ ముందు నిలబడి, తాను రాసిన గ్రంథం గురించి వాళ్ళడిగేదానికి జవాబు చెప్పడం. అది అయితే పట్టా.

అన్న అదెల్మో నోటరీ పని చేసి రిటైరయ్యాడు. ఆ దేశంలో పట్టా ఉన్న మగవాణ్ణి 'దొత్తోరే' అని, ఆడమనిషిని 'దొత్తొరెస్సా' అని పిలుస్తారు. కాఫీ కొట్టువాడి నుంచి కూరగాయలమ్మే ఆవిడ దాకా అదెల్మోని అందరూ అలాగే పిలుస్తారు. పిలవని చోట ఆయన రెండోసారి కాఫీ తాగడు. మనిషి మంచివాడే. చెల్లెలి పుట్టినరోజు ఏనాడూ మరిచిపోలేదు. ఆమె భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు పన్నెండు రాత్రులు కుర్చీలో పడుకున్నాడు. కాకపోతే ఆయనకొక జోకుంది.

ఆ జోకుకి నలభై మూడేళ్ళు. క్రిస్మస్ భోజనం దగ్గర, ఈస్టర్ భోజనం దగ్గర, పెళ్ళిళ్ళలో, పేరు పెట్టే పండగల్లో, మద్యం రెండో గ్లాసు దాటగానే అదెల్మో చెంచాతో గాజు మీద కొట్టి మొదలుపెడతాడు. "మా చెల్లెలికి నాకంటే తెలివెక్కువ, అబద్ధమాడను. మొదటి పరీక్షలో ముప్పైకి ముప్పై! ఏం లాభం? వెళ్ళి బురుజెక్కి కూర్చుంది వెర్రిది. రెండు వారాలు తిరక్కుండా పుస్తకాలు పోయి పిండికర్ర వచ్చింది!" బల్లంతా ఘొల్లుమంటుంది. మొదటి పదేళ్ళూ నెరీనా కూడా నవ్వింది. తరవాత పెదవులతో నవ్వింది. ఆ తరవాత, జోకు మొదలయ్యే సమయానికి వంటింట్లో ఏదో పని కల్పించుకునేది.

మొన్న ఆదివారం కూడా అలాగే లేవబోయింది. అదెల్మో ఆరోజు జోకుకి కొత్త తోక తగిలించాడు. "ఈసారి గురువారం దాకా బురుజు గుమ్మం దగ్గర కాపలా పెట్టించాను, ఇక భయం లేదు!" అన్నాడు. అందరూ నవ్వారు, వియోలా తప్ప.

వియోలా అదెల్మో మనవరాలు. పంతొమ్మిదేళ్ళ పిల్ల, విశ్వవిద్యాలయంలో మొదటి ఏడు. వరసకి నెరీనా నానమ్మే అయినా ఇంట్లో అందరితోపాటు అత్తా అనే పిలుస్తుంది. ఆ పిల్ల ఫోర్కు కింద పెట్టి, పాలిపోయిన మొహంతో అడిగింది.

"అత్తా, నిజంగా దానివల్లే చదువు పోయిందా? నేనైతే ఆ వీధిలోనే నడవను బాబూ."

నెరీనాకి ఒళ్ళు మండింది. జోకు తనదాకా ఉన్నన్నాళ్ళు భరించింది. ఈ తెలివైన పిల్ల కూడా దాన్ని వేదవాక్కులా మింగి కూర్చుంటుందా? చేతిలో పులుసు గరిటె ఉంది. దాన్ని గిన్నెలో వేసేసింది.

"గురువారం మూడింటికి నా పరీక్ష. పదకొండింటికి బురుజెక్కుతాను" అంది.

బల్ల దగ్గర నవ్వులు ఆగిపోయాయి.

"నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు అదెల్మో. "ఐదేళ్ళ కష్టం! నాలుగు గంటలు ఆగి ఎక్కు, ఎవరొద్దన్నారు?"

"నాలుగు గంటలాగి ఎక్కితే షికారు అవుతుంది. నేను షికారుకి ఎక్కడం లేదు."

నిజం చెప్పాలంటే ఆమెకీ భయంగానే ఉంది. ఐదేళ్ళూ పాఠాలకి వెళుతూ వస్తూ ఆమె కూడా ఆ గుమ్మం వైపు చూడలేదు. ఎక్కి దిగాక పరీక్ష పోయిందంటే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఆ జోకు నిజమైపోతుంది. తాను చచ్చాక కూడా బొలోన్యాలో దాన్ని చెప్పుకుంటారు, వియోలా తన పిల్లలకి చెబుతుంది. తెలిసే ఆ మాట అంది, అన్నాక వెనక్కి తీసుకోలేదు.

గురువారానికి సంగతి వీధంతా పాకింది. బురుజు గుమ్మం దగ్గర టికెట్లమ్మే వానెస్ ఇరవై ఏళ్ళుగా ప్రతి శనివారం ఆమె దగ్గర పిండిపట్టీలు కొంటాడు. ఆమె రావడం చూసి కిటికీ తలుపు సగం మూసేశాడు.

"ఇవ్వను."

"ఏం ఇవ్వవు?"

"టికెట్టు. జపాన్ వాళ్ళకిస్తా, జర్మన్ వాళ్ళకిస్తా, కుక్క వచ్చి అడిగితే కుక్కకీ ఇస్తా. మూడింటికి పరీక్ష పెట్టుకున్న మనిషికి మాత్రం ఇవ్వను నెరీనమ్మా. నా చేత్తో నీ కొంప ముంచమంటావా?"

"సరే. శనివారం పట్టీలకి రైల్వేస్టేషన్ దగ్గరికి పో. అక్కడ మిషన్ మీద చేస్తారు, జిగురుముద్దలా ఉంటాయి."

వానెస్ కాసేపు బాధగా ఆమెవైపు చూశాడు. తరవాత కిటికీ తెరిచి, రొమ్ము మీద శిలువ గుర్తు వేసుకుని, టికెట్టు చింపాడు.

అప్పటికే అదెల్మో చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చేశాడు, వెనకాల వియోలా. "చెప్పు తాతయ్యా, నువ్వైనా చెప్పు" అంటోంది పిల్ల. ఏడుపొక్కటే తక్కువ.

"నెరీనా, నీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు" అన్నాడు అదెల్మో.

"నువ్వూ రా."

"నేనా? నా మోకాలు చూశావా?"

"పోయినసారి నీ మోకాళ్ళు బాగానే ఉన్నాయే. నాకంటే ముందు పరిగెత్తావు."

వియోలా తలెత్తింది. "పోయినసారా? ఏ పోయినసారి?"

అదెల్మో మొహంలో నెత్తురు చుక్క లేదు. మనవరాలివైపు చూశాడు, చెల్లెలివైపు చూశాడు. "వానెస్, ఇంకో టికెట్టు" అన్నాడు గబగబా. "నువ్విక్కడే ఉండు తల్లీ, కదలకు. పద నెరీనా, పైకి పద, మాట్లాడకు." చెల్లెలి నోరు మూయించడానికి ఆయన బురుజెక్కాడు. ఇరవై ఏళ్ళుగా రెండో అంతస్తుకి కూడా లిఫ్టులో తప్ప వెళ్ళని మనిషి.

మెట్లు ఇరుకు. పైనుంచి ఎవరైనా దిగుతుంటే మలుపులో గోడకి అతుక్కుని దారివ్వాలి. మూడు వందల ఏళ్ళుగా ఎక్కినవాళ్ళ కాళ్ళకి చెక్కలు నడుమ గుంటపడి నున్నగా ఉన్నాయి. నెరీనా ముందు, అదెల్మో వెనక. వందో మెట్టు దగ్గర ఇద్దరికీ ఆయాసం వచ్చింది. రెండువందలో మెట్టు దాటాక ఒకచోట అడ్డదూలం కిందికి ఉంది. అదెల్మో పైకి చూడకుండానే తల వంచి దాటాడు.

"గుర్తుందే!" అంది నెరీనా.

అదెల్మో చేత్తో నుదురు తడుముకున్నాడు.

గుర్తుండక ఏం చేస్తుంది? నలభై మూడేళ్ళ కిందట, జూన్ నెలలో, ఇదే దూలానికి నుదురు కొట్టుకుని బొప్పి కట్టించుకున్నాడు. అప్పుడు ఆయనకి ఇరవై మూడు, న్యాయశాస్త్రం పట్టాకి ఇంకా రెండు పరీక్షలు. నెరీనాకి పంతొమ్మిది, మొదటి పరీక్షలో ముప్పైకి ముప్పై వచ్చిన రోజు. "పద, బురుజెక్కి పండగ చేసుకుందాం. పిండికొట్టువాడి పిల్లలం, మనల్నిది ఏం చేస్తుంది?" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది ఆయనే. ఇద్దరూ ఎక్కారు. ఒకే రోజు, ఒకే గంటలో. దిగేటప్పుడు ఆయనకి పిరికితనం పుట్టింది. "అమ్మకి చెప్పకే. నా పట్టా వచ్చేదాకా నేనెక్కానని ఎవరికీ చెప్పకు, ఒట్టెయ్యి" అన్నాడు. ఆమె ఒట్టేసింది.

రెండు వారాలకి తండ్రికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కొట్టుకి ఇద్దరిలో ఒకరు కావాలి. ఒక రాత్రి భోజనాల వేళ మంచం మీదనుంచి తండ్రి అడిగాడు, ఎవరు చదువు మానతార్రా అని.  అప్పుడు అదెల్మో నవ్వుతూ అన్నాడు. "నెరీనా ఎలాగూ బురుజెక్కింది నాన్నా, దానికిక పట్టా వచ్చేదెక్కడ?" తల్లి శిలువ గుర్తు వేసుకుంది. తండ్రి నవ్వాడు. అంతే, నిర్ణయం అయిపోయింది. నేనూ ఎక్కానని అన్న చెబుతాడేమోనని నెరీనా ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆయన తన గిన్నెలోని పులుసు చూస్తూ కూర్చున్నాడు. నవంబరులో ఆయనకి పట్టా వచ్చింది.

పైకి చేరేసరికి ఇద్దరికీ మాట రావడం లేదు. గాలి జోరుగా ఉంది. ఇద్దరు జర్మన్ కుర్రాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. దూరంగా గుట్ట మీద మేరీమాత గుడి, దాని వెనక నీలంగా కొండలు, కింద ఎర్ర పెంకులు, పెంకుల మధ్య బురుజు దగ్గర మొదలై నలుదిక్కులకీ పోయే వీధులు. నెరీనా దూరానివేవీ చూడలేదు. పిట్టగోడ పట్టుకుని తిన్నగా కిందికి చూసింది. తన కొట్టు కప్పు కనిపించింది, పొగగొట్టం పక్కన తాను మార్పించిన నాలుగు కొత్త పెంకులతో సహా. చూపు కాస్త జరిపితే విశ్వవిద్యాలయం కప్పు.

"ఇటు రా" అంది. "బెత్తెడు కూడా లేదు చూడు. ఆ కప్పు నుంచి ఈ కప్పుకి. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది."

అదెల్మో చూశాడు. చేతికర్ర కింద పెట్టి గోడకి ఆనుకున్నాడు.

"నాన్న ఆరోజు అడిగినప్పుడు నాకు భయమేసింది" అన్నాడు. "నన్నే మానమంటాడేమోనని. నోటికొచ్చిన జోకు వేసేశాను. అది పనిచేస్తుందని నాకు తెలీదు నెరీనా."

"పనిచేశాక తెలిసింది కదా?"

"తెలిసింది."

"మరి నలభై మూడేళ్ళు ఎందుకు చెప్పావు దాన్ని?"

అదెల్మో చూపు కింది పెంకుల మీదికి మళ్ళించాడు. అబద్ధం వెతుక్కుంటున్నాడనుకుంది నెరీనా. కాదు. "చెప్పినన్నాళ్ళూ అది బురుజు చేసిన పనే అనిపించేది" అన్నాడు.

నెరీనాకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎక్కి వచ్చిన మెట్లన్నీ మళ్ళీ ఎక్కగలిగేంత కోపం. "బురుజు రాళ్ళు పేర్చిన గోడ. దానికి నోరు లేదు కాబట్టి నలభై మూడేళ్ళు నీ పాపం మోసింది. నాకు నోరుంది, అయినా నేనూ మోశాను. ఇక మొయ్యను."

"పిల్లకి చెప్పకే" అన్నాడు అదెల్మో. అచ్చం ఆనాటి గొంతే. "నా మనవరాలు నన్ను..."

"నేను చెప్పను. ఒట్టేశాను కదా. నువ్వే చెబుతావు. ఈ సాయంత్రం నా కొట్లో భోజనాలు. పరీక్ష నెగ్గినా పోయినా భోజనాలే. అక్కడ లేచి నిలబడి జోకు చెప్పు, కానీ మొత్తం చెప్పు. చెప్పలేనంటే ఆ బల్ల దగ్గర నీకు కుర్చీ లేదు. ఈ క్రిస్మస్‌కీ లేదు, వచ్చే క్రిస్మస్‌కీ లేదు."

"పరీక్ష పోతే?"

"పోతే నాకు చదువు రాక పోయినట్టు. బురుజు వల్ల పోయిందని ఎవడైనా అన్నాడా, పిండికర్రతో నడ్డి విరగ్గొడతాను."

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. గుమ్మం దగ్గర వియోలా గోళ్ళు కొరుక్కుంటోంది. వానెస్ మంచినీళ్ళిచ్చాడు. అదెల్మో తిన్నగా ఇంటికెళ్ళిపోయాడు.

మూడింటికి నెరీనా నీలం గౌనులో ఐదుగురు పంతుళ్ళ ముందు నిలబడింది. తొడలు వణుకుతున్నాయి. భయం వల్లో మెట్ల వల్లో ఆమెకే తెలియలేదు. ఆమె రాసిన గ్రంథం ఊళ్ళో ఒకప్పుడు ఉన్న పట్టుమిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్ళ గురించి. మొదటి ప్రశ్నకి తడబడింది. ఒక సంవత్సరం తప్పు చెప్పింది. వెనక బల్ల మీద వియోలా కళ్ళు మూసుకుంది. నెరీనా ఒక్క క్షణం ఆగి, "తప్పు చెప్పాను, దిద్దుకుంటాను" అని దిద్దుకుంది. అప్పుడు నడుమ కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీసి అడిగాడు.

"ఈ ఆడవాళ్ళు ఒక్క అక్షరం రాసి వదిలిపోలేదు. వాళ్ళేమనుకున్నారో మీకెలా తెలుసు?"

"కోర్టు కాగితాల్లో ఉందండీ" అంది నెరీనా. "మిల్లు గుమ్మం దగ్గర అరిచినందుకు వాళ్ళని పట్టుకెళ్ళేవాళ్ళు. ఏమని అరిచారో గుమాస్తా పొల్లుపోకుండా రాసుకునేవాడు, నేరం రుజువు చెయ్యాలి కదా. అరిచినవాళ్ళ మాటలే మనకి మిగిలాయి. నోరు మూసుకున్నవాళ్ళవి పోయాయి."

పెద్దాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఏదో రాసుకున్నాడు. పావుగంట బయట నిలబెట్టి లోపలికి పిలిచారు. నూటపదికి నూటమూడు. పట్టా ఇస్తున్నామని ప్రకటించారు. పట్టా వచ్చినవాళ్ళ తలకి పెట్టే లారెల్ ఆకుల దండ వియోలా తెచ్చింది; అది నెరీనా తలకి కాస్త పెద్దదై చెవులమీదికి జారింది. ఆ దండతోనే వీధిలో నడిచి కొట్టుకొచ్చింది. కూరగాయలావిడ గుమ్మంలోకి వచ్చి "దొత్తొరెస్సా!" అని కేకపెట్టింది. నెరీనా చేతులు ఊపలేదు కానీ, ఆ వీధి కొస దాకా నెమ్మదిగా నడిచింది.

సాయంత్రం ఏడింటికి కొట్లో పిండిబల్లకే గుడ్డ పరిచి భోజనాలు పెట్టారు. చుట్టాలు, వానెస్, నెరీనాతో చదువుకున్న ఆరుగురు పిల్లలు. ఒక కుర్చీ ఖాళీగా ఉంది. పులుసు వడ్డించాక అదెల్మో వచ్చాడు. గుమ్మంలో ఆగి చెల్లెలివైపు చూశాడు. ఆమె కుర్చీ చూపించలేదు. ఆయన నిలబడే ఉన్నాడు.

సంగతి తెలియని వానెస్ హుషారుగా అరిచాడు. "దొత్తోరే వచ్చారు! కానివ్వండి, బురుజు జోకు! ఇవాళ కూడా లేకపోతే ఎలా?"

అదెల్మో బల్ల మీది గ్లాసు తీసుకున్నాడు. చెంచాతో కొట్టలేదు.

"మా చెల్లెలికి మొదటి పరీక్షలో ముప్పైకి ముప్పై వచ్చింది" అన్నాడు. "వెళ్ళి బురుజెక్కింది. తీసుకెళ్ళింది నేను. నేనూ ఎక్కాను. నాకింకా పట్టా రాలేదు అప్పటికి. రెండు టికెట్లు."

నవ్వడానికి సిద్ధపడ్డ నోళ్ళు అలాగే ఉండిపోయాయి.

"నాకు బురుజేమీ చెయ్యలేదు. ఐదు నెలలకి పట్టా వచ్చింది. దీన్నీ ఏమీ చెయ్యలేదు. నాన్న మంచంలో ఉండి, మీలో ఎవరు చదువు మానతారని అడిగితే, ఇది బురుజెక్కిందని చెప్పింది నేను. నేనెక్కానని చెప్పలేదు. దీని చదువు ఆపింది నేను."

వియోలా తాతయ్యవైపు, అంతకుముందెన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది. ఆయన ఆ చూపు తప్పించుకోలేదు. గ్లాసులోది బల్ల మీద ఒలికింది, ఎవరూ తుడవలేదు. కాసేపటికి ఆ పిల్ల వానెస్ వైపు తిరిగి, "రేపు పొద్దున బురుజు ఎన్నింటికి తెరుస్తారు?" అని అడిగింది. "పదింటికి" అన్నాడు వానెస్, ఈసారి శిలువ గుర్తు వేసుకోకుండానే.

నెరీనా కాలితో ఖాళీ కుర్చీ వెనక్కి జరిపింది. అదెల్మో కూర్చున్నాడు.  చాలాసేపటికి చెల్లెలి చెవిదగ్గరికి వంగి అడిగాడు.

"తృప్తేనా?"

"లేదు" అంది నెరీనా, గరిటెడు పులుసు ఆయన గిన్నెలో పోస్తూ. "ఒక్కసారికేనా? నలభై మూడేళ్ళు చెప్పావు. క్రిస్మస్‌కి మళ్ళీ లేచి చెప్పు, ఈస్టర్‌కి చెప్పు, ఈ పిల్ల పెళ్ళిలో చెప్పు. ఇలాగే, రెండు టికెట్లతో సహా. తిను, చల్లారిపోతోంది."